అమ్మకి నడుం నొప్పి: వీడియో కాల్‌లో డాక్టరుకి ఎంతవరకు తెలుస్తుంది?

చెరకుతోట | జూన్ 8, రాత్రి 9:42

అందరికీ నమస్కారం. మాది చోడవరం దగ్గర పల్లె. ఉద్యోగం మీద నేను బెంగళూరులో ఉంటున్నాను, ఊళ్ళో అమ్మా నాన్నా ఇద్దరే. అమ్మకి 62. పది రోజుల కింద కుళాయి దగ్గర బిందె ఎత్తబోతే నడుములో కలుక్కుమందట. రెండు రోజులు నాకు చెప్పనే లేదు. ఫోన్లో గొంతు తేడాగా ఉంటే నాన్నని నిలదీశాను, అప్పుడు బయటపెట్టారు. మంచం మీద అటు నుంచి ఇటు తిరగాలన్నా, లేచి నిలబడాలన్నా ప్రాణం పోతోందంటోంది. కాళ్ళు లాగడం లేదట, తిమ్మిర్లు కూడా లేవట.

అనకాపల్లి తీసుకెళ్ళమంటే ఆటో కుదుపులకి భయపడుతోంది. నాకు పై శనివారం దాకా సెలవు లేదు. ఈలోగా వీడియో కాల్‌లో ఎముకల డాక్టరుకి చూపిద్దామని ఉంది. చెయ్యి వేసి చూడకుండా నడుం నొప్పి సంగతి ఏం తెలుస్తుందన్నదే నా అనుమానం. ఎవరైనా ఇలా చూపించుకున్నారా?

గోదారిగట్టు | జూన్ 8, రాత్రి 10:05

నడుం పట్టేస్తే డాక్టరెందుకు బాబూ. ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళు మీ ఊళ్ళో ఒక్కరైనా ఉంటారు. పొద్దున్నే పరగడుపున వాళ్ళ చేత మూడుసార్లు నడుం మీద తన్నించండి. నాకు రెండుసార్లు అలాగే తగ్గింది. వీడియోలో ఆ సౌకర్యం లేదనుకోండి.

పల్లెడాక్టరు | జూన్ 8, రాత్రి 11:20

గోదారిగట్టు గారూ, మీకు తన్నకపోయినా తగ్గేదే. మామూలు నడుం పట్టు చాలామందికి కొన్ని వారాల్లో దానంతటదే సర్దుకుంటుంది, పేరు మాత్రం తన్నినాయనకి వెళ్తుంది. అరవై దాటిన ఆడవాళ్ళకి దయచేసి ఈ సలహా ఇవ్వకండి. ఎముక గుల్లబారి ఉంటే ఆ తన్నుకే విరుగుతుంది.

చెరకుతోట గారూ, నేను పీహెచ్‌సీలో పనిచేస్తాను. నడుం నొప్పిలో డాక్టరుకి చాలావరకు సమాచారం పేషెంటు చెప్పే మాటల్లోంచే వస్తుంది, ఎదురుగా కూర్చున్నా అంతే. వీడియోలో మొదట తేల్చుకోవాల్సింది రోగం పేరు కాదు. ఇప్పటికిప్పుడు ఆస్పత్రికి పోవాలా, ఈ వారంలో పోతే చాలా, ఇంట్లో ఉండి చూడొచ్చా అన్నది. అందుకని కాల్ దాకా ఆగకుండా ఈ రాత్రే అమ్మగారిని ఇవి అడగండి.

మూత్రం మామూలుగా వస్తోందా, ఆగిపోతోందా, తెలియకుండా పడిపోతోందా? దొడ్డికి వెళ్ళి కడుక్కునేటప్పుడు అక్కడ స్పర్శ తెలుస్తోందా? (ఇది కొడుకు అడిగితే చెప్పరు, ఎవరైనా ఆడవాళ్ళ చేత అడిగించండి. మేం ఇంగ్లీషు పుస్తకాల్లో గుర్రపు జీను తగిలే చోటు అని చదువుకున్నాం. మన ఊళ్ళో గుర్రమెక్కినవాళ్ళెవరు? కడుక్కునేటప్పుడు అంటే ఎవరికైనా అర్థమవుతుంది.) రెండు కాళ్ళూ ఒకేసారి బలహీనపడ్డాయా? ఇందులో ఏ ఒక్కదానికి తేడా జవాబొచ్చినా వీడియో కాల్ వద్దు, 108కి ఫోన్ చెయ్యండి. వెన్నుపూస అడుగున ఉండే నరాల కట్ట నొక్కుకుపోతే గంటలే లెక్క.

ఇంకొన్ని: జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం. మన దేశంలో వెన్నెముకకి టీబీ రావడం అరుదేం కాదు. గతంలో క్యాన్సర్ ఉందా? కిందపడ్డారా? స్టెరాయిడ్ మందులు ఎక్కువకాలం వాడారా?

చెరకుతోట | జూన్ 8, రాత్రి 11:58

పక్కింటి పిన్ని చేత అడిగించాను. మూత్రం, స్పర్శ బాగానే ఉన్నాయట. జ్వరం లేదు. పడలేదు. మందులేవీ వాడటం లేదని అమ్మే చెప్పింది, బీపీ కూడా లేదు.

ముక్కుసూటి | జూన్ 9, ఉదయం 7:15

నేను వ్యతిరేకం. రెండేళ్ళ కింద ఒక యాప్‌లో మా అత్తగారిని చూపించాం. అవతల హిందీ డాక్టరు. అత్తగారేమో "పిరుదు కాడ్నించి పిక్క దాకా జివ్వుమని లాగుతాది, కూకుంటే సలుపు" అని చెబుతుంటే మా ఆయన దాన్ని "కమర్ మే దర్ద్" అని తేల్చేశారు. లాగడం, సలుపు, జివ్వుమనడం మూడూ పోయి ఉత్త దర్ద్ మిగిలింది. నాలుగు నిమిషాల్లో నొప్పి మాత్రలు, గ్యాస్ మాత్ర, ఎమ్మారై రాసి పడేశారు. చెయ్యి పడని వైద్యం వైద్యమే కాదు.

పల్లెడాక్టరు | జూన్ 9, ఉదయం 8:02

ముక్కుసూటి గారూ, మీరు చెప్పిందాంట్లో తప్పు వీడియోది కంటే భాషదీ తొందరదీ. నడుం నొప్పికి తెలుగు వచ్చిన డాక్టరునే వెతుక్కోండి. పోటుకీ సలుపుకీ మంటకీ తేడా ఉంది. పిక్క దాకా జివ్వున లాగితే నరం సంగతి చూడాలి. "నడుం" అంటూ పక్కటెముకల కింద చెయ్యి పెట్టి, అక్కణ్ణించి గజ్జల్లోకి మెలిపెడుతోందంటే కిడ్నీ రాయి కావచ్చు. చెయ్యి ఎక్కడ పెట్టి చూపిస్తున్నారో కెమెరాలో కనబడుతుంది కదా, ఉత్త ఫోన్ కంటే వీడియో నయమనేది అందుకే.

ఎమ్మారై గురించి ఒక మాట. నొప్పే లేని 3,110 మంది స్కానులు కలిపి చూసిన సమీక్ష ఒకటి 2015లో వచ్చింది. ఇరవై ఏళ్ళవాళ్ళలోనే 30 శాతం మందికి డిస్కు ఉబ్బు కనిపించింది, ఎనభై ఏళ్ళవాళ్ళలో 84 శాతం మందికి. మొదటి రోజే స్కాను తీస్తే ఏదో ఒకటి దొరుకుతుంది. దొరికిందే నొప్పికి కారణమని గ్యారంటీ లేదు.

ఫిజియో_ఎంవీపీ | జూన్ 9, ఉదయం 10:30

నేను విశాఖలో ఫిజియోథెరపిస్టుని. కొవిడ్ అప్పట్నించీ వీడియోలో చూస్తున్నా. డాక్టరు ఎంత మంచివారైనా ఫోను గోడకి ఆనించి ముఖం మాత్రం చూపిస్తే ఆయనేం చేస్తారు? ముందు ఇల్లు సర్దుకోండి.

ఫోను అడ్డంగా, మోకాలి ఎత్తులో స్టూలు మీద పెట్టండి. ఆరేడు అడుగుల దూరంలో మనిషి నిలబడితే తల నుంచి పాదాల దాకా కనపడాలి. వెనక కిటికీ ఉంటే మనిషి నీడలా కనిపిస్తుంది, వెలుగు ముందు నుంచి పడాలి. చీరలో మోకాలు, పాదం తెలియవు, నైటీ గానీ పంజాబీ డ్రెస్సు గానీ మేలు. చేతులు లేని గట్టి కుర్చీ ఒకటి, మంచం ఒకటి పక్కనే ఉండాలి. పక్కన ఒక ఆడమనిషి ఉంటే ఇంకా మంచిది. సిగ్నల్ డాబా మీదే వస్తుందని నడుం నొప్పి మనిషిని మెట్లెక్కించకండి! నవ్వుతారేమో, నిజంగా ఒకాయన ఎక్కించారు.

మేం చేయించేవి చాలా మామూలు పనులు. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవమంటాం, తొడ బలం తెలుస్తుంది. మడమల మీద నాలుగడుగులు, మునివేళ్ళ మీద నాలుగడుగులు వేయిస్తాం. మడమల మీద నడవలేక పాదం వాలిపోతే నడుం పూసల్లోంచి కాళ్ళకి వచ్చే ఎల్4, ఎల్5 నరాల అనుమానం. మునివేళ్ళ మీద లేవలేకపోతే వాటి కింది ఎస్1 నరం. కాలి బొటనవేలు ఒక్కటీ పైకెత్తమంటాం, అది ఎల్5. కుర్చీలో కూర్చుని గడ్డం గుండెకి ఆనించి, ఒక కాలు చాపి పాదం తమవైపు వంచమంటాం. కాలి వెనక తెలిసిన నొప్పే లాగితే నరం ఒత్తిడి అనుకుంటాం. పెద్దవాళ్ళతో ఇవన్నీ గోడ పట్టుకునే చేయించాలి, పక్కన మనిషి లేకపోతే నేనసలు చేయించను.

సుత్తితో కొట్టి మోకాలు ఎగురుతోందా చూడటం, ఎముక మీద వేలితో తట్టి చూడటం, మలద్వారం పట్టు చూడటం నావల్ల కాదు. అవి అవసరమనిపించిన క్షణమే కాల్ ఆపేసి రమ్మంటాను.

మర్రిగూడెం | జూన్ 9, మధ్యాహ్నం 1:12

మాది నల్లగొండ దిక్కు. మా నాయినకు ఏండ్ల సంది నడుం నొప్పే. ఎక్కడ సూపిచ్చినా గోలీలు ఇచ్చి తోలిండ్రు. పోయినేడు మా పల్లె దవాఖానల ఉన్న డాక్టరమ్మ వీడియోల పెద్ద డాక్టరును కలిపిచ్చింది. ఆ సారు ఏ ఊరు, ఏ నీళ్ళు తాగిండ్రు అని అడిగిండు ముందుగాల. గంతే, నాకు సమజైంది. తర్వాత మూడు పనులు చెయ్యమన్నడు. కింద రూపాయి బిళ్ళ పెట్టి మోకాళ్ళు వంచకుంట తియ్యమన్నడు. గదుమ ఛాతికి తాకిచ్చమన్నడు. రెండు చేతులు తలకాయ ఎన్క పెట్టుకొమ్మన్నడు. మా నాయినకు మూడింట్ల ఒక్కటి రాలే. ఎన్కకు సూడాలంటే మనిషంత తిరగాలె. ఫ్లోరైడు ఎముకలకు పట్టిందన్నడు, ఎక్స్‌రే తీస్తే అదే తేలింది. ఇప్పుడు కృష్ణా నీళ్ళొస్తున్నయి గనీ పాత బోరు నీళ్ళు తాగిన తరం గిట్లనే ఉన్నది.

గందుకే అంటున్న, సెయ్యి పెట్టనోడు డాక్టరు కాదనకుండ్రి. అడగనోడు డాక్టరు కాదు.

ముక్కుసూటి | జూన్ 9, మధ్యాహ్నం 2:40

మర్రిగూడెం గారూ, మీ నాన్నగారి పక్కన ఒక డాక్టరమ్మ ఉంది. మా అత్తగారి పక్కన మా ఆయన ఉన్నారు. అదీ తేడా.

పల్లెడాక్టరు | జూన్ 9, సాయంత్రం 6:10

ముక్కుసూటి గారు అసలు విషయం పట్టుకున్నారు. ఈ-సంజీవని అని ప్రభుత్వ వీడియో వైద్య సేవ ఉంది. 2020 ఏప్రిల్‌లో వచ్చిన ఈ-సంజీవని ఓపీడీలో ఇంటి నుంచే డాక్టరుతో మాట్లాడొచ్చు. అంతకు ముందే, 2019 నవంబరులో వచ్చిన పద్ధతి ఇంకొకటుంది. పేషెంటు పక్కన విలేజ్ క్లినిక్‌లో హెల్త్ ఆఫీసరు కూర్చుంటారు, అవతల డాక్టరు ఉంటారు. నడుం నొప్పికి నేను రెండోదే ఎంచుకోమంటాను. జ్వరం, బీపీ, బరువు చూసేస్తారు. డాక్టరు చెప్పిన చోట దూదితో తాకి స్పర్శ చూస్తారు. కళ్ళు అక్కడివైనా చేతులు ఇక్కడివి.

2020 మార్చి 25న కేంద్రం టెలీమెడిసిన్ మార్గదర్శకాలు ఇచ్చింది. చీటీ మీద డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. వీడియోలో తేలదనుకుంటే నేరుగా రమ్మనే హక్కు డాక్టరుకి ఉంది, అలా అన్నారని కోప్పడకండి. మత్తు మందుల జాబితాలో ఉన్నవి ఆన్‌లైన్లో రాయకూడదు. ట్రమడాల్ 2018 నుంచి ఆ జాబితాలో ఉంది కాబట్టి గట్టి నొప్పి మాత్ర రాయలేదని గొడవ పడొద్దు. ఆ కాగితాల్లో "ఆర్ఎంపీ" అని కనిపిస్తే కంగారు పడకండి, అక్కడ దానర్థం రిజిస్టరయిన డాక్టరని. మన ఊళ్ళో ఆర్ఎంపీ అంటే ఎవరో మీకు తెలుసు.

డాలస్_వదిన | జూన్ 9, రాత్రి 8:55

మధ్యలో దూరుతున్నా. నాకూ నడుమే, రోజంతా కుర్చీ ఉద్యోగం. ఇక్కడి ఖర్చు భరించలేక హైదరాబాదులో చుట్టాల డాక్టరుకి వీడియోలో చూపించుకుంటున్నా. తప్పా?

పల్లెడాక్టరు | జూన్ 9, రాత్రి 10:15

చుట్టరికం సలహా వరకు ఫరవాలేదు. వైద్యంగా అయితే అమెరికాలో పేషెంటు ఉన్న రాష్ట్రం లైసెన్సే లెక్క, ఆయన చీటీకి అక్కడ మందివ్వరు. పొద్దున్న లేవగానే అరగంటకి పైగా బిగుసుకుపోయి, తిరిగితే తగ్గి, పడుకుంటే ఎక్కువవుతోందా? వయసు 45 లోపా? అయితే కుర్చీ మీద నెపం పెట్టకుండా కీళ్ళవాతం డాక్టరుని కలవండి.

చెరకుతోట | జూన్ 11, రాత్రి 9:05

నిన్న కాల్ అయింది. విలేజ్ క్లినిక్ మా ఇంటికి నాలుగు వీధుల అవతలే. మా పిన్ని పట్టుకుని మెల్లగా నడిపించింది. నేను బెంగళూరు నుంచి ఇంకో ఫోన్లో వింటున్నాను. జరిగింది జరిగినట్టు రాస్తాను, ఎందుకంటే నేననుకున్నట్టు జరగలేదు.

డాక్టరు ముందు నొప్పి ఎక్కడో ఒక్క వేలితో చూపించమన్నారు. అమ్మ అరచేత్తో నడుమంతా రాయలేదు, జాకెట్టు అంచుకి బెత్తెడు కింద నట్టనడిమి ఎముక మీద వేలు పెట్టింది. మడమలూ మునివేళ్ళూ అన్నీ బాగానే చేసింది. బొటనవేలు ఎత్తింది. నరాలు బాగున్నాయన్నారు. హమ్మయ్య అనుకున్నాను, ఇక మాత్రలు రాసి పెట్టేస్తారని.

అప్పుడు ఆయన, "అమ్మా, మీ మెడలో ఐడీ కార్డు ఉందే, అదేంటి?" అన్నారు. అది డ్వాక్రా సంఘం కార్డు, ఫోటో మూడేళ్ళ కిందటిది. కెమెరాకి దగ్గరగా పెట్టమన్నారు. ఫోటోలో ముఖం కోలగా, బుగ్గలు లోపలికి ఉన్నాయి. ఇప్పుడు అమ్మ ముఖం గుండ్రంగా నిండుగా ఉంది. మేమంతా "ఒళ్ళు చేసింది" అని సంతోషపడ్డవాళ్ళమే. ముంజేతులు చూపించమన్నారు. సన్నటి చర్మం మీద అక్కడక్కడా కమిలిన మచ్చలు. "మోకాళ్ళ నొప్పులకి ఏమైనా వాడుతున్నారా?" అంటే "మందులేం లేవు బాబూ, మా ఊరి డాక్టరు పొట్లం ఇస్తాడు, అంతే" అంది. రెండేళ్ళ పైనుంచి! అది అమ్మ లెక్కలో మందు కాదు, పొట్లం.

క్లినిక్ అమ్మాయి ఇంటికి మనిషిని పంపి ఆ పొట్లం తెప్పించింది. పేపరు ముక్కలో మూడు రకాల మాత్రలు, ఒకటి చిన్న తెల్లది. రేకు లేదు కాబట్టి డాక్టరు పేరు చెప్పలేదు, కానీ స్టెరాయిడే అని అనుమానమన్నారు. ఎక్కువకాలం వాడితే ముఖం అలా గుండ్రమై, చర్మం పలచబడి, ఎముకలు గుల్లబారతాయట. రెండు మాటలు గట్టిగా చెప్పారు. రేపే ఎక్స్‌రే తీయించమన్నారు. ఆ చిన్న తెల్ల మాత్ర మాత్రం భయపడి ఒక్కసారిగా మానొద్దన్నారు. అన్నాళ్ళు వాడాక హఠాత్తుగా ఆపితే ఒళ్ళు తట్టుకోదట, మెల్లగా తగ్గించాలట.

ఫిజియో_ఎంవీపీ | జూన్ 11, రాత్రి 9:31

నేను రాసిన పరీక్షలన్నీ పాసయ్యారు, అసలు సంగతి మెడలో కార్డులో ఉంది. ఈ రాత్రి నాకు నిద్ర పట్టదు. ఇకనుంచి మందుల డబ్బా, కవరు, పొట్లం, తైలం సీసా అన్నీ కెమెరా ముందు పోయమంటాను. "ఏమైనా మందులు వాడుతున్నారా" అని మాత్రం అడగను.

పలాస_జీడిపప్పు | జూన్ 11, రాత్రి 10:20

మాది ఉద్దానం, కిడ్నీ జబ్బులకి పేరుపడ్డ చోటు. మా కాడ నడుం నొప్పని ఎవులైనా అంటే డాక్టర్లు ముందు క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూసిన తరవాతే నొప్పి మాత్ర రాస్తారు. ఆ పొట్లంలో మిగతా రెండూ నొప్పి బిళ్ళలే అయి ఉంటాయి. రెండేళ్ళంటే మాటలు కాదు, కిడ్నీ పరీక్ష కూడా చేయించండి. నొప్పి బిళ్ళ నడుంకి మంచిదే, కిడ్నీకి కాదు.

చెరకుతోట | జూన్ 15, రాత్రి 11:10

సెలవు దొరికింది, వచ్చాను. కారు మాట్లాడి, వెనక సీట్లో పడుకోబెట్టి తీసుకెళ్ళాను. ఎక్స్‌రేలో ఎల్1 పూస (నడుం పూసల్లో అన్నిటికన్నా పైది) ముందువైపు నలిగిపోయి కోసిన జున్నుముక్కలా ఉంది. బిందె బరువుకే విరిగింది. టీబీ గానీ గడ్డ గానీ కాదని తేల్చుకోవడానికి ఎమ్మారై, రక్తపరీక్షలు చేశారు. అవేం కావు. ఎముకలు గుల్లబారి ఉన్నాయి. పలాస గారూ, క్రియాటినిన్ కాస్త ఎక్కువుంది, నొప్పి బిళ్ళలు మాన్పించారు.

ఆపరేషన్ అక్కర్లేదన్నారు. బెల్టు, కాల్షియం, విటమిన్ డి, ఎముకల బలానికి వారానికో మాత్ర. అది పరగడుపున గ్లాసుడు నీళ్ళతో వేసుకుని అరగంట నిటారుగా ఉండాలట, పడుకోకూడదట. తెల్ల మాత్ర తగ్గించడానికి చీటీ రాసిచ్చారు. చూపించడానికి రెండోసారి వీడియోలోనే రమ్మన్నారు, ఆటో కుదుపులు తప్పుతాయని.

ఊరి డాక్టరుని అడగడానికి వెళ్ళాను. "నేను కాబట్టి రెండేళ్ళు నడిపించాను" అన్నాడు. ఏం మాట్లాడాలో తెలియక వచ్చేశాను.

ముక్కుసూటి | జూన్ 16, ఉదయం 6:50

అమ్మగారు కోలుకుంటారు, ధైర్యంగా ఉండండి. నేనింకా యాప్ మీద కోపంగానే ఉన్నాను కానీ, మా అత్తగారి మందుల సంచీ నిన్న రాత్రి మంచం మీద కుమ్మరించి చూశాను. అందులో నాకు తెలియనివి నాలుగున్నాయి.

గోదారిగట్టు | జూన్ 16, ఉదయం 9:15

చెరకుతోట బాబూ, ఇంతకీ నా మాట విని తన్నించలేదు కదా? నాలుగు రోజులుగా అదే దిగులు.

చెరకుతోట | జూన్ 16, ఉదయం 9:40

మీరు రాయకముందే వెళ్ళిందండీ, నాకు నిన్ననే చెప్పింది. మా ఊళ్ళో ఎదురుకాళ్ళ మనిషి ఒక ముసలాయన. అమ్మ ముఖం చూసి, "నీ వాలకం నడుం పట్టులా లేదమ్మా, నేను కాలెత్తను" అని టీ ఇచ్చి పంపేశాడట.